బాగ్దాదు నగరం: దాని నదులు, దాని కాలువలు

అరబీలో ‘నహ్ర్’ అనే మాట ఉంది. కొండల్లో పుట్టి సముద్రంలో కలిసే మహానదికీ అదే మాట, మనుషులు పార పట్టి తవ్వుకున్న కాలువకూ అదే మాట. ఉర్దూలోకి వచ్చేసరికి దాని అర్థం కుదించుకుపోయింది. ‘నహర్’ అంటే కాలువ, నది కావాలంటే ‘దరియా’ అనాలి. తెలుగులో మనకు ఈ రెంటికీ వేర్వేరు మాటలు మొదటినుంచీ ఉన్నాయి. అందుకే స్వర్గవనాల వర్ణన వచ్చినచోట మన అనువాదకులు ఒకరు కాలువలనీ, మరొకరు సెలయేళ్ళనీ వ్రాశారు. బాగ్దాదు గురించి పూర్వులు వ్రాసిన గ్రంథాలను తెలుగు చేయబూనినవానికి మొదటి పుటలోనే ఈ చిక్కు ఎదురవుతుంది. నహ్ర్ ఈసా, నహ్ర్ సర్సర్, నహ్ర్ అల్ మలిక్... ఇవి నదులా, కాలువలా? చాలా ఏళ్ళ క్రితం ఒక వ్యాసం అనువదిస్తూ నేను ‘ఈసా నది’ అని వ్రాసేశాను. అచ్చయిన తర్వాతగాని అది నది కాదనీ, ఫురాత్ నుంచి దజ్లాకు తవ్విన కాలువ అనీ తెలిసి రాలేదు. ఇది ఒక మాటకు సంబంధించిన పొరపాటు మాత్రమే అయితే ఇక్కడ ప్రస్తావించవలసిన పని లేదు. నది దానంతటదే పారుతుంది. కాలువకు మనిషి కావాలి. ఏటా పూడిక తీయాలి, గట్టు వేయాలి, తూము కాపాడాలి. బాగ్దాదు చరిత్ర అంతా ఈ తేడాలోనే ఉంది.

మనం చిన్నప్పుడు మదరసాలో విన్న కథ ఒకటి ఉంది. హులాగూ వచ్చాడు, ఖలీఫాను చంపాడు, గ్రంథాలయాలను దజ్లాలో పడేశాడు, నదీజలం సిరాతో నల్లబడింది, అంతటితో బాగ్దాదు పాడయింది. హులాగూ చేసిన ఘోరాన్ని తక్కువచేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే బాగ్దాదును బ్రతికించిన నీటి ఏర్పాటు ఆయన రాకకు మూడు వందల ఏళ్ళ ముందే దెబ్బతిన్నది. దాన్ని దెబ్బతీసినవారు బయటివారు కారు.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు ఆ నేల ఎలాంటిదో చూడాలి.

దజ్లా (టైగ్రిస్), ఫురాత్ (యూఫ్రటీస్) రెండూ ఉత్తరాన కొండసీమల్లో పుట్టి దక్షిణానికి పారుతాయి. ఇరాఖ్ మధ్యకు వచ్చేసరికి అవి ఒకదానికొకటి బాగా దగ్గరవుతాయి. బాగ్దాదు ప్రాంతంలో వాటి నడుమ దూరం 40 కి.మీ. లోపే. ఆ తర్వాత మళ్ళీ విడిపోయి, చాలా దిగువన కలుస్తాయి. ఈ ఇరుకు నడుములో మరొక విశేషం ఉంది. ఇక్కడ ఫురాత్ మట్టం దజ్లా మట్టం కంటే ఎత్తు. కాబట్టి ఫురాత్ గట్టుకు గండి కొట్టి తూర్పుకు కాలువ తవ్వితే చాలు, నీరు పల్లానికి తనంతట తానే పారి పొలాలను తడిపి దజ్లాలో పడుతుంది. ఏతం అక్కరలేదు, మోట అక్కరలేదు. బాబిలోను, మదాయిన్ వంటి పాత రాజధానులన్నీ ఈ నడుములోనే, ఈ చుట్టుపక్కలనే వెలిశాయంటే అది కాకతాళీయం కాదు.

ఇంత అనుకూలమైన నేలలో ఒక ప్రతికూలత కూడా ఉంది. ఈ నదులకు వరద మంచు కరగడంతో వస్తుంది. దజ్లా ఏప్రిల్ ప్రాంతంలో పొంగుతుంది, ఫురాత్ ఇంకొంచెం ఆలస్యంగా మే నెలలో. అక్కడ గోధుమ, బార్లీ చల్లేది చలికాలం మొదట్లో, కోసేది వరద వచ్చే రోజుల్లోనే. అంటే విత్తనానికి నీరు కావలసినప్పుడు నది సన్నగిల్లి ఉంటుంది, కోత కోసే వేళకు పొంగి పొలాల మీద పడుతుంది. ఈజిప్టు రైతుకు ఈ బాధ లేదు. అక్కడ నైలు వేసవి చివర పొంగి, నేల నానబెట్టి, విత్తే వేళకు తగ్గిపోయేది. ఇరాఖ్ రైతు మాత్రం ఒక కాలంలో నీటిని లాక్కోవాలి, మరొక కాలంలో నెట్టివేయాలి. ఆ నీటితో పాటు వచ్చే ఒండ్రు కాలువలను పూడ్చివేస్తుంది. ఎక్కువ నీరు పెట్టి మురుగు తీయకపోతే నేల చౌడు తేలుతుంది. కాలువను రెండు మూడు సంవత్సరాలు పట్టించుకోకపోతే ఏమవుతుందో గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

అబ్బాసీ ఖలీఫా మన్సూర్ తన రాజధానికి స్థలం వెదుకుతూ ఇక్కడికి వచ్చినప్పుడు అక్కడి దిహ్ఖాన్ (గ్రామాధికారి) ఒకడు ఆయనతో మాట్లాడాడని చరిత్రకారులు వ్రాశారు. ఆ గ్రామాధికారి చెప్పిన సలహా సారాంశం గమనించదగినది. ఇక్కడ నాలుగు తస్సూజులు (తాలూకాల వంటివి) ఉన్నాయి. పడమట ఖుత్రబ్బుల్, బాదూరయా. తూర్పున నహ్ర్ బూఖ్, కల్వాధా. ఒక తాలూకాలో పంట పోయినా, ఆలస్యమయినా మరొకటి ఆదుకుంటుంది. షామ్ నుంచి, ఈజిప్టు నుంచి సరుకు ఫురాత్ మీద వచ్చి కాలువలో దిగుతుంది. చైనా, హిందూ దేశాల సరుకు బస్రా నుంచి దజ్లా మీద ఎదురు వస్తుంది. మోసుల్ సరుకు ఎగువనుంచి వస్తుంది. శత్రువు నిన్ను చేరాలంటే పడవ కావాలి, లేదా వంతెన కావాలి. వంతెన తెంచితే వాడు రాలేడు.

గ్రామాధికారి చెప్పిన ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. తర్వాతి కథలో అది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

హి. 145 (క్రీ.శ. 762)లో నగర నిర్మాణం మొదలయింది. దజ్లా పడమటి గట్టున, సరాత్ కాలువ దజ్లాలో కలిసేచోటికి కొంచెం ఎగువన. మన్సూర్ ముందు నేలమీద బూడిదతో వృత్తం గీయించాడనీ, తర్వాత ఆ గీత వెంబడి పత్తి గింజలు పోయించి, వాటిమీద నఫ్తా చల్లించి రాత్రివేళ నిప్పు పెట్టించి ఆ వెలుగులో తన నగరం ఆకారం చూసుకున్నాడనీ తబరీ తన చరిత్రలో వ్రాశాడు. ఇటుకల లెక్క విషయంలో హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పేరు కూడా ఆయన ప్రస్తావించాడు. ఒక్కొక్క ఇటుకను లెక్కపెట్టే బదులు, పేర్చిన ఇటుకల వరసను వెదురుబద్దతో కొలిచి లెక్కకట్టే పద్ధతి ఇమామ్ గారిదేనట. ఖాజీ పదవిని వద్దన్న ఆ మహనీయుడు ఇటుకలు కొలిచాడని చదివినప్పుడు మనసులో ఏదో కదులుతుంది. నగరానికి నాలుగు ద్వారాలు: కూఫా, బస్రా, ఖురాసాన్, షామ్. హి. 149 నాటికి ప్రాకారం పూర్తయింది. ‘మదీనతుస్సలామ్’ అని పేరు పెట్టారు.

ఈ గుండ్రని నగరం పచ్చి ఇటుకల కట్టడం. నేడు దాని ఆనవాలు నేలమీద ఒక్కటి కూడా కనిపించదు. మరి అది ఎక్కడ ఉండేదో పండితులు ఎలా నిర్ణయించారు? కాలువల ఆధారంగానే. హి. నాలుగవ శతాబ్ది ఆరంభంలో ఇబ్నె సరాబియూన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన భూగోళ రచయిత బాగ్దాదు కాలువలను ఒక్కొక్కటే వర్ణించాడు. ఏ కాలువ ఎక్కడ మొదలవుతుంది, ఏ పేట గుండా పోతుంది, ఏ వంతెన క్రింద నుంచి దాటి ఎక్కడ కలుస్తుంది అన్నదంతా వ్రాసిపెట్టాడు. గై లె స్ట్రేంజ్ అనే ఆంగ్ల పండితుడు 1895లో ఆ గ్రంథభాగాన్ని ప్రచురించి, ఖతీబ్ బాగ్దాదీ, యాఖూబీ మొదలైనవారి వర్ణనలతో కలిపి 1900లో అబ్బాసీల నాటి బాగ్దాదుకు పటాలు గీశాడు. ఆయన గీసిన గీతల్లో కొన్నింటిని తర్వాతివారు సరిదిద్దారు గాని, పద్ధతి మాత్రం నిలిచింది. వీధులు పోయాయి, గోడలు పోయాయి. కాలువల వర్ణన మిగిలింది కాబట్టి నగరపటం మిగిలింది.

పడమటి బాగ్దాదుకు నీరిచ్చిన ప్రధాన కాలువ నహ్ర్ ఈసా. మన్సూర్ పినతండ్రి ఈసా బిన్ అలీ పేరు దానికి వచ్చింది. అన్బార్ పట్టణం దాపున ఫురాత్ నుంచి బయలుదేరి, ముహవ్వల్ అనే ఊరు దాటి, కర్ఖ్ పేటల గుండా వచ్చి దజ్లాలో పడేది. ముహవ్వల్‌కు ఎగువన దాని నుంచి సరాత్ చీలేది. సరాత్ మీద అడ్డుకట్టలు, తిరగళ్ళు ఉండడం వల్ల పెద్ద పడవలు అటు పోవడానికి వీలులేదు. కాబట్టి రఖ్ఖా నుంచి వచ్చే పిండి పడవలు, షామ్, ఈజిప్టు సరుకులు నహ్ర్ ఈసా మీదనే నేరుగా కర్ఖ్ రేవుకు చేరేవి. హి. 157లో మన్సూర్ అంగళ్ళను గుండ్రని నగరం నుంచి కర్ఖ్‌కు తరలించాడు. అప్పటినుంచి నగరం బలమంతా కర్ఖ్‌లోనే. అక్కడి చిన్న కాలువల పేర్లు చదువుతుంటే బజారు కళ్ళకు కట్టినట్లుంటుంది. నహ్ర్ అద్దజాజ్ అంటే కోళ్ళ కాలువ, దాని ఒడ్డున కోళ్ళ వ్యాపారులు. నహ్ర్ అల్ బజ్జాజీన్ అంటే బట్టల వర్తకుల కాలువ. నహ్ర్ అల్ ఖల్లాయీన్, నూనెలో వేయించి అమ్మేవారి కాలువ. దీనికి ‘బజ్జీల కాలువ’ అని పేరు పెడదామని నాకు చాలాకాలంగా ఉబలాటం. పత్రికాసంపాదకులు ఒప్పుకుంటారో లేదో!

తూర్పు గట్టు కథ వేరు. అక్కడ నీరు ఫురాత్‌ది కాదు. దజ్లాకు ఎడమవైపున, సామర్రాకు ఎగువన దూర్ అనే చోట బయలుదేరే ఒక మహాకాలువ ఉండేది. అదే నహ్రవాన్. దాని పై భాగాన్ని ‘ఖాతూల్ కిస్రవీ’ అనేవారు. పేరే చెబుతున్నట్లు అది సాసానీ చక్రవర్తుల నాటిది. నౌషేర్వాన్ కాలానిదని ప్రతీతి. దజ్లాకు సమాంతరంగా పారుతూ, దారిలో దియాలా నీటిని కలుపుకొని, సుమారు 200 మైళ్ళు పోయి తిరిగి దజ్లాలో కలిసేది. దీన్ని నది అనాలా, కాలువ అనాలా? దాని వెడల్పు చూస్తే నది అనిపిస్తుంది. దాని నుంచి చీలిన నహ్ర్ బీన్, దియాలా నుంచి వచ్చిన ఖాలిస్ కలిసి తూర్పు బాగ్దాదు తోటలకు, పేటలకు నీరందించేవి. దిగువన ఇస్కాఫ్ బనీ జునైద్ వంటి పట్టణాలు దీని మీదనే బ్రతికాయి.

ఇప్పుడు ఆ గ్రామాధికారి మాట జ్ఞాపకం తెచ్చుకుందాం. నీరు శత్రువును ఆపుతుందన్నాడు. నిజమే. కాని ఆపడానికి కాలువను తెంచాలి.

హి. 251 (క్రీ.శ. 865)లో ఇద్దరు ఖలీఫాలు తలపడ్డారు. ముస్తయీన్ బాగ్దాదులో, ముఅతజ్జ్ సామర్రాలో. సామర్రా సైన్యం రాకుండా నగరాన్ని కాపాడుతున్న ముహమ్మద్ బిన్ అబ్దుల్లా బిన్ తాహిర్ అన్బార్ వైపు ఫురాత్ గట్లు తెంచి నేలను బురదగుండం చేయించాడు, వంతెనలు పగలగొట్టించాడు. ఏ కాలువ మీద కర్ఖ్ పిండి పడవలు వచ్చేవో ఆ కాలువ మొదలు దగ్గరే ఈ పని జరిగింది. అంత చేసినా ఆ ముట్టడిలో గెలిచింది సామర్రాయే.

డెబ్బై ఏళ్ళు గడిచాయి. హి. 326 (క్రీ.శ. 937–38)లో ఇబ్నె రాయిఖ్ అనే సేనాని ‘అమీరుల్ ఉమరా’ పదవిలో ఉన్నాడు. ఖలీఫా పేరుకే ఖలీఫా. ఇబ్నె రాయిఖ్ క్రింద పనిచేసిన బజ్‌కమ్ అనే తుర్కీ సేనాని ఎదురు తిరిగి బాగ్దాదు మీదికి వచ్చాడు. అతడిని ఆపడానికి ఇబ్నె రాయిఖ్ నహ్రవాన్‌కు గండి కొట్టించాడు. నీరు పొలాల మీద పడింది. బజ్‌కమ్ ఆగాడా అంటే ఆగలేదు. 938లో బాగ్దాదు ప్రవేశించి ఇబ్నె రాయిఖ్ పదవిని తానే తీసుకున్నాడు. పదవి చేతులు మారింది గాని గండి పూడలేదు. నౌషేర్వాన్ కాలం నుంచి సుమారు నాలుగు వందల ఏళ్ళు పారిన కాలువ, ఒక సేనాని కొద్ది నెలల పదవి కోసం తెగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఈ ఒక్క గండితోనే అంతా పోయిందనడం మరొక హులాగూ కథ అల్లినట్లే అవుతుంది. రాబర్ట్ ఆడమ్స్ అనే పురావస్తు పండితుడు దియాలా మైదానమంతా కాలినడకనా, విమాన ఛాయాచిత్రాల ఆధారంగానూ పరిశీలించి 1965లో ఒక గ్రంథం వెలువరించాడు. పాత దిబ్బల మీద దొరికిన కుండపెంకులను బట్టి ఏ ఊరు ఎప్పటిదాకా ఉందో తేల్చాడు. మంగోలులు రాకముందే ఆ మైదానంలో చాలా ఊళ్ళు ఖాళీ అయిపోయాయని ఆయన పరిశోధనలో తేలింది. ఆ క్షీణత నెమ్మదిగా, తరాల తరబడి జరిగింది. పూడిక, చౌడు, పన్నుల భారం, సైన్యాల రాకపోకలు అన్నీ అందులో పాలుపంచుకున్నాయి. కాలువ ఎంత పెద్దదయితే దాన్ని బాగుచేయడానికి అంత పెద్ద ఏలుబడి కావాలి. ఊరివాళ్ళు కలిసి చిన్న పిల్లకాలువ పూడిక తీసుకోగలరు. 200 మైళ్ళ నహ్రవాన్‌ను తీయలేరు. ఏలుబడి చెదిరినప్పుడు ముందు పోయేది అటువంటి పెద్ద కాలువే.

బాగుచేయాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 945లో బాగ్దాదు చేజిక్కించుకున్న బువైహీ అమీర్ ముయిజ్జుద్దౌలా బాదూరయా వైపు గండ్లు పూడ్పించాడు. 978 నుంచి 983 దాకా ఏలిన అజుదుద్దౌలా పూడిపోయి మరుగునపడిన కాలువలను తిరిగి త్రవ్వించాడని మిస్కవైహ్ వ్రాశాడు. సల్జూఖుల తరఫున బాగ్దాదు పాలించిన బిహ్రూజ్ పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో నహ్రవాన్ పూడిక తీయించాడు. ఎవరి పనీ వారి తర్వాత నిలవలేదు. యాఖూత్ తన ‘ముఅజముల్ బుల్దాన్’లో నహ్రవాన్ సీమ పాడుబడి ఉందనీ, సల్జూఖు సుల్తానుల పరస్పర కలహాలూ, సైన్యాలు దానిమీదుగా నడవడమూ, బాగుచేసే నాథుడు లేకపోవడమూ అందుకు కారణాలనీ వ్రాశాడు. ఆయన మరణించింది 1229లో. హులాగూ బాగ్దాదు చేరడానికి ఇంకా 29 సంవత్సరాలు ఉంది. అంతకు ముందే 1184లో వచ్చిన అందలుసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్ కూడా బాగ్దాదులో ఎక్కువ భాగం శిథిలమైపోయిందనీ, ప్రసిద్ధమైన పేరు తప్ప పెద్దగా మిగలలేదనీ నిట్టూర్చాడు.

కాలువలు తగ్గినకొద్దీ నది పెరిగింది. వరదనీటిని పంచుకునే దారులు మూసుకుపోతే పొంగంతా నగరం మీదకే వస్తుంది కదా. హి. 466 (క్రీ.శ. 1074)లో తూర్పు బాగ్దాదును ముంచిన వరద, హి. 554 (క్రీ.శ. 1159)లో వచ్చిన వరద, హి. 654 (క్రీ.శ. 1256)లో వచ్చిన వరద చరిత్రలో పేరుపడ్డాయి. 554 నాటి వరద వచ్చినప్పుడు హజ్రత్ షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మలై) జీవించే ఉన్నారు. తూర్పు గట్టున బాబుల్ అజజ్ పేటలోని మదరసాలోనే వారు బోధించేవారు. గౌస్ అనే పేరు వినిపించని ముస్లిం పేట మన తెలుగు జిల్లాల్లో అరుదు. గ్యార్వీ నాడు ఆ పేరు తలచుకునే మన ఇళ్ళల్లో, ఆ పేట ఎటువంటి నీటి భయంతో బ్రతికిందో తెలిసినవారు ఎందరుంటారు? ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) పడమటి గట్టున బాబ్ హర్బ్ స్మశానంలో ఖననం అయ్యారు. ఆ సమాధిని దజ్లా కోసుకుపోయింది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) సమాధి తూర్పు గట్టున ఆజమియ్యాలో, దానికి ఎదురుగా అవతలి గట్టున కాజిమియ్యాలో ఇమామ్ మూసా కాజిం సమాధి నిలిచి ఉన్నాయి.

నది తన దారిని కూడా మార్చుకుంది. సామర్రా, బాగ్దాదుల నడుమ దజ్లా పూర్వం ఇప్పటికంటే పడమరగా పారేది. పదమూడవ శతాబ్ది ప్రాంతంలో తూర్పుకు జరిగింది. తూర్పు గట్టున ఉండిన ఉక్బరా పట్టణం నదికి పడమట, నీటికి దూరంగా ఎండలో మిగిలిపోయింది.

ఇక 1258. హులాగూ సైన్యం రెండు గట్ల మీదుగానూ వచ్చింది. జనవరిలో ఖలీఫా సైన్యం దజ్లా దాటి, పడమట దుజైల్ ప్రాంతంలో మంగోలులను ఎదుర్కొంది. మొదట వారిని వెనక్కు నెట్టినట్లే కనిపించింది కూడా. ఆ రాత్రి మంగోలులు కాలువ గట్టు తెంచారు. తెల్లవారేసరికి ఖలీఫా సైన్యం వెనుక మైదానమంతా నీరు. పారిపోవడానికి దారి లేక ఎందరో ఆ బురదలోనే అంతమయ్యారు. ఫిబ్రవరి 10న ఖలీఫా ముస్తఅసిమ్ లొంగిపోయాడు. 865లో ఇబ్నె తాహిర్ చేసినదీ, 937లో ఇబ్నె రాయిఖ్ చేసినదీ ఇదే పని. ఆ ఇద్దరికీ ఫలించని ఎత్తుగడ మంగోలులకు ఫలించింది. గట్టు తెంచి మనుషులను ముంచవచ్చునని ఆ నేలమీద నేర్పినవారు మనవారేనని వ్రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు, కాని వ్రాయక తప్పదు.

మరొక సంగతి మన మదరసా కథలో రాదు. హులాగూ ఆ మరుసటి ఏడే బాగ్దాదు పరిపాలనను అతా మలిక్ జువైనీకి అప్పగించాడు. మంగోలుల చరిత్ర వ్రాసిన ప్రసిద్ధ పారసీక రచయిత ఆయనే. ఆ జువైనీ అన్బార్ దగ్గర ఫురాత్ నుంచి కూఫా, నజఫ్ వైపు కొత్త కాలువ తవ్వించి, పాడుబడిన నేలను మళ్ళీ సాగులోకి తెచ్చాడు. నహ్రవాన్ మాత్రం తిరిగి పారలేదు.

దజ్లా వరదలు బాగ్దాదును ఇరవయ్యవ శతాబ్ది దాకా పీడించాయి. 1954 నాటి వరద తర్వాత, 1956లో సామర్రా దగ్గర ఆనకట్ట పూర్తయి పొంగును సర్సార్ పల్లంలోకి మళ్ళించినప్పుడు ఆ భయం తీరింది. ఇప్పుడు భయం తిరగబడింది. ఎగువన తుర్కియే 2019లో ఇలిసూ జలాశయం నింపడం మొదలుపెట్టింది. వేసవిలో బాగ్దాదు వంతెనల క్రింద ఇసుకతిన్నెలు బయటపడుతున్నాయి.

బాగ్దాదుకు ఉత్తరాన, హర్బా అనే చోట ఖలీఫా ముస్తన్సిర్ హి. 629 (క్రీ.శ. 1232)లో దుజైల్ కాలువ మీద ఒక వంతెన కట్టించాడు. బాగ్దాదులో ముస్తన్సిరియ్యా మదరసా స్థాపకుడు ఆయనే. కాల్చిన ఇటుకల వంతెన, నాలుగు కమానులు. ఇటుకలలోనే మలిచిన శాసనంలో ఆయన పేరు ఉంది. ఆ వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది. దాని క్రింద నీరు లేదు.